విద్య ఎవరి సొత్తు?

ధ్యాన భాగములు: నిర్గమకాండము 35:30-35; సంఖ్యాకాండము 11:24-29; 1 కొరింథీయులకు 3:5-9



ధనము పంచినచో తరుగును, విద్య పంచినచో పెరుగును అని పెద్దలు చెప్పుదురు. బడి వార్షికోత్సవములలో ఈ మాట చెప్పని ఉపన్యాసకుడు లేడు. నేనును అనేక పర్యాయములు చెప్పితిని. అయితే ఈ మాట నిజమైనయెడల ఒక సందేహము తీరవలసియున్నది. పంచినకొలది పెరుగు వస్తువును దాచుకొనువాడు వెర్రివాడు గదా? మరి చదువు చెప్పువారిలోనే, అందును మంచి పనివారిలోనే, తమకు తెలిసిన మేలైన పద్ధతిని ప్రక్క బడివారికి చెప్పక దాచుకొనువారు ఏల కనబడుచున్నారు? వారందరు వెర్రివారు కారు. వారికి ఏదో ఒకటి తరుగుచున్నదన్నమాట. ఆ తరుగునది ఏది? ఈ మాసము మనము దీనినిగూర్చి ఆలోచింతము. ఇది ఉపాధ్యాయుల సంగతి మాత్రమే కాదు. ఆదివారపు బడిలో పిల్లలకు కథ చెప్పు యౌవనస్థురాలికిని, ఇంటి అరుగుమీద కుమారునికి అక్షరములు దిద్దించు తల్లికిని, ప్రసంగించు నాకును ఇది చెందిన ప్రశ్నయే.

బడి అనగానే మనము గోడలను, బల్లలను, పుస్తకములను తలంచుకొందుము. బడిలో పని చేసినవారికి మాత్రము అసలైన సామగ్రి వేరని తెలియును. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుని నేర్పులో చాల భాగము ఏ పుస్తకములోను వ్రాయబడియుండదు. అక్షరములను వర్ణమాల వరుసను మాత్రమే కాక, ఆకారపు పోలికనుబట్టి నేర్పినచో పిల్లలు త్వరగా పట్టుకొందురని ఒక పంతులుగారు కనుగొందురు. 'ప' వ్రాయనేర్చిన చేతికి 'ఫ', 'ష' దగ్గరి చుట్టములు. 'వ' వ్రాయనేర్చిన చేతికి 'మ' దూరము కాదు. మరియొక పంతులమ్మగారు పది చింతగింజలను ఒక ప్రక్క తెల్లబడునట్లు అరగదీసి, నేలమీద వేయించి, తెల్లనివి ఎన్ని, నల్లనివి ఎన్ని అని అడుగుచు, పది అను సంఖ్య ఎన్ని విధములుగా విడిపోవునో పిల్లల కన్నులకే చూపుదురు. ఒకటే గది, ఒకరే ఉపాధ్యాయులు, ఐదు తరగతులు ఉన్నచోట, ఒక తరగతికి పాఠము చెప్పునప్పుడు తక్కిన నాలుగింటిని ఏ పనిలో ఉంచవలెనో ఇంకొకరు కొన్ని సంవత్సరములు తంటాలుపడి తెలిసికొందురు. ఇవన్నియు ఒక్కొక్కరు ఒక్కొక్క ఊరిలో చెమటోడ్చి సంపాదించిన సంగతులు. ఆ ఉపాధ్యాయుడు బదిలీ అయి వెళ్లిన దినమున ఆ నేర్పును ఆయనతోకూడ బండి ఎక్కును. ప్రక్క ఊరిలో మరియొకరు మరల మొదటినుండి తంటాలు పడుదురు.

ఈ నష్టము తప్పించుటకు పెద్దలు కొన్ని ఏర్పాట్లు చేయకపోలేదు. బ్రిటిషు ప్రభుత్వపు సహాయముతో 1980, 1990 దశకములలో నడచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకములో, చుట్టుప్రక్కల ఊళ్ల పంతుళ్లు కూడుకొని ఒకరి పని ఒకరు చూచుకొనుటకు ఉపాధ్యాయ కేంద్రములు వెలసెను. తరువాత సర్వ శిక్షా అభియాన్ దినములలో బోధనోపకరణములు చేసికొనుటకు ఉపాధ్యాయునికి సంవత్సరమునకు 500 రూపాయలు ఇచ్చుచుండిరి. అట్టలతోను, పుల్లలతోను, గింజలతోను చేసిన వస్తువులను మేళాలలో పెట్టి చూపుచుండిరి. ఏర్పాట్లు మంచివే. అయితే ఒక గదిలో కూర్చుండబెట్టినంత మాత్రమున మనుష్యులు నిజముగా పంచుకొనరు. ఈ సంగతి నేను పరుల జీవితములో కాదు, నా జీవితములోనే చూచితిని. చెప్పుటకు సిగ్గుపడుచునే చెప్పుచున్నాను.

సెమినరీకి వెళ్లకమునుపు నేను మూడు సంవత్సరములు ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో పని చేసితిని. 1992వ సంవత్సరములో మూడవ తరగతి పిల్లలకు తీసివేత లెక్కలు చెప్పుచుంటిని. ముప్పదిరెండులోనుండి పదునేడు తీసివేయుడనగా తరగతిలో సగము మంది పలకలమీద ఇరువదియైదు అని వ్రాసిరి. వారికి తోచిన న్యాయము ఇది: రెండులోనుండి ఏడు పోదు గనుక ఏడులోనుండి రెండు తీసిరి, అయిదు వచ్చెను, మూడులోనుండి ఒకటి తీసిరి, రెండు వచ్చెను. ప్రక్క అంకెయొద్ద అప్పు తెచ్చుకొనవలెనురా అని నేను గొంతు చించుకొంటిని. అప్పు తెచ్చుట వారికి తెలియనిది కాదు, వారి ఇండ్లలో దినదినము జరుగునదే. అయితే మూడుయొద్దకు పోయి ఒకటి అడిగినచో పది ఏల చేతికి వచ్చునో వారికి బోధపడలేదు. మా ఊళ్లో ఏ షావుకారును అట్లు ఇచ్చువాడు కాడు గదా!

మా ఊరికి రెండు మైళ్ల దూరమున ఒక పెద్దమ్మగారు పంతులమ్మగా పని చేయుచుండిరి. ఉద్యోగ విరమణకు దగ్గర పడినవారు. ఒక సాయంకాలము సైకిలు మీద వారి బడికి పోయి నా గోడు చెప్పుకొంటిని. ఆమె నవ్వి, బీరువాలోనుండి ఒక చిన్న సంచి తీసి నా చేతిలో పెట్టిరి. దానిలో కొబ్బరి ఈనెల ముక్కలు ఉండెను. పదేసి ముక్కలు దారముతో కట్టలుగా కట్టబడియుండెను, కొన్ని విడిగా ఉండెను. ఆమె మూడు కట్టలును రెండు విడి పుల్లలును బల్లమీద ఉంచి, "ఇది ముప్పై రెండు. ఇందులోంచి ఏడు పుల్లలు ఇమ్మని పిల్లవాణ్ణి అడుగు. వాడు రెండు పుల్లలు చూస్తాడు, నీ మొహం చూస్తాడు, కట్టలవంక చూస్తాడు. అప్పుడు నువ్వు తొందరపడి కట్ట విప్పకు నాయనా. వాణ్ణే విప్పనియ్యి" అనిరి.

మరునాడు అట్లే చేసితిని. ఒక పిల్లవాడు చాలసేపు ఊరకుండి, నన్ను అడుగకయే ఒక కట్ట దారము లాగివేసెను. పన్నెండు విడి పుల్లలు వాని యెదుట నిలిచెను. ఏడు ఇచ్చెను, అయిదు మిగిలెను. మిగిలిన రెండు కట్టలలో ఒకటి ఇచ్చెను. "పదిహేను సార్!" అని వాడు కేక వేసినప్పుడు నేను పొందిన సంతోషము నేటికిని మరువను. ఆ వారములోనే తరగతి యంతయు ఆ మెట్టు దాటెను.

మరుసటి మాసము ఉపాధ్యాయ కేంద్రములో సమావేశము జరిగెను. నేను ఆ కట్టలు పట్టుకొనిపోయి అందరి యెదుట పాఠము చెప్పి చూపితిని. చూడవచ్చిన అధికారి మిక్కిలి మెచ్చుకొని, "ఈ ఆలోచన ఎట్లా వచ్చిందండీ?" అని అడిగిరి. మూడవ బల్లమీద ఆ పెద్దమ్మగారు కూర్చుండియుండిరి. నేను ఆమెను చూచితిని. చూచియు, "పిల్లలతో పని చేస్తూంటే తోచిందండీ" అంటిని. చప్పట్లు కొట్టిరి.

సభ ముగిసిన తరువాత ఆమె నాయొద్దకు వచ్చిరి. నా గుండె దడదడ కొట్టుకొనెను. ఆమె నన్ను ఒక్క మాటయైన నిందింపలేదు. "నాయనా, పచ్చి ఈనెలు కట్టావులా ఉంది. ఎండితే సన్నబడి దారం జారిపోతుంది. బాగా ఎండినవి తీసుకో" అని చెప్పి వెళ్లిపోయిరి. నేను దొంగిలించిన వస్తువు పాడుకాకుండ నాకు మరియొకటి నేర్పి వెళ్లిరన్నమాట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండు దినములు గడచిన తరువాత వారి ఇంటికి పోయి తప్పు ఒప్పుకొంటిని. ఆమె చెప్పిన మాట వినుడి. "నా పేరు చెప్పకపోతే నాకేం పోయింది నాయనా? కాని అది నేను కనిపెట్టింది కాదు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు మా పెద్ద పంతులుగారు చూపించారు. ఎవరికి చూపించినా ఆయన పేరు చెప్పి చూపిస్తాను. నీకూ చెప్పాలనుకున్నాను, నువ్వు సంచి తీసుకుని హడావుడిగా సైకిలెక్కావు. ఇప్పుడు ఆయన పేరు అక్కడ ఆగిపోయింది."

ప్రియులారా, మొదట వేసికొనిన ప్రశ్నకు జవాబు నాకు ఆ దినమున దొరికెను. పంచినచో విద్య తరుగదనుట నిజమే. ఆమె నాకు నేర్పినందున ఆమె నేర్పులో గింజంతయైన తగ్గలేదు. తరుగునది విద్య కాదు, పేరు. ఈ ఊరిలో ఫలాని పంతులు చెప్పినట్లు ఎవరును చెప్పలేరు అను పేరు, ఆ పద్ధతి పది ఊళ్లకు తెలిసిన దినమున పోవును. దీపముతో దీపము వెలిగించినచో మొదటి దీపపు వెలుగు తగ్గదు, కాని అది ఒక్కటే వెలుగుచున్నదను ఘనత తగ్గును. అందుచేతనే మంచి పనివాడు దాచుకొనును. అందుచేతనే పుచ్చుకొనినవాడు ఇచ్చినవాని పేరు మ్రింగివేయును. రెండును ఒక్క వ్యాధియే.

ఈ వ్యాధి పల్లెటూరి పంతుళ్లకు మాత్రమే పట్టినది కాదు. గొప్పవారిని సయితము అది విడువలేదు. 1789వ సంవత్సరములో ఆండ్రూ బెల్ అను స్కాట్లాండు దేశపు పాదిరిగారు మదరాసులోని ఎగ్మూరులో మగపిల్లల అనాథాశ్రమమునకు అధిపతియైరి. అక్కడి ఉపాధ్యాయులవలన పని సాగక ఆయన విసుగు చెందియుండగా, ఒక నాటు బడిలో పిల్లలు నేలమీది ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట కంటబడెను. ఆయన ఆ పద్ధతి తన బడిలో పెట్టదలచెను. ఉపాధ్యాయులు ఇష్టపడనందున, ఎనిమిదేండ్ల బాలుడొకనిని చిన్నపిల్లలకు ఇసుకలో అక్షరములు నేర్పుటకు నియమించెను. ఆ బాలుడు నేర్పెను. పిల్లలే పిల్లలకు నేర్పు ఆ విధానమునుగూర్చి బెల్‌గారు 1797లో లండనులో ఒక చిన్న పుస్తకము ప్రకటించిరి. ఇంగ్లాండులో దానికి మదరాసు పద్ధతి అనియే పేరు.

అదే కాలమున లండనులో జోసెఫ్ లాంకాస్టర్ అను క్వేకరు యౌవనస్థుడు బీద పిల్లలకు బడి పెట్టి, కొంచెము ఇంచుమించు అదే రీతిగా నడపుచుండెను. 1803లో తాను ప్రకటించిన పుస్తకములో ఆయన బెల్‌గారికి తాను ఋణపడిన సంగతి ఒప్పుకొనెను. ఇద్దరును కలిసికొని మాటలాడుకొనిరి కూడ. అంతవరకు బాగుగానే ఉండెను. తరువాత ఈ పద్ధతి మొదట ఎవరిది అను వాదము పుట్టెను. ఇరుప్రక్కల పెద్దలు చేరిరి. ఆంగ్ల సంఘమువారు బెల్ పక్షము, తక్కిన సంఘములవారు లాంకాస్టర్ పక్షము వహించిరి. 1811లో ఒక పక్షమువారి సంఘము స్థాపింపబడెను. రెండవ పక్షపు సంఘము 1814లో క్రొత్త పేరు పెట్టుకొనెను. ఇద్దరి బడులలోను వేలకొలది బీద పిల్లలు చదువుకొనిరి, అది దేవుని కృప. అయితే క్రీస్తు నామము ధరించినవారే అక్షరములు దిద్దించు పద్ధతినిగూర్చి పోట్లాడుకొనిరనుట మనకు సిగ్గుకాదా?

ఈ పోరాటములో ఒకరి పేరు ఎవరును తలంపలేదు. ఇసుకలో అక్షరములు దిద్దించిన ఆ నాటు బడి పంతులుగారి పేరు మనకు చేరలేదు. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్‌గారు, మన తెలుగునకు వ్యాకరణము వ్రాసినవారే, తమ జిల్లాలోని 533 బడులనుగూర్చి ప్రభుత్వమునకు నివేదిక పంపిరి. తెలిసిన పిల్లలు తెలియని పిల్లలకు నేర్పుచు తమ చదువును స్థిరపరచుకొను విధానము మెచ్చదగినదనియు, ఇంగ్లాండు దానిని అనుసరించుట తగినదే అనియు ఆయన వ్రాసిరి. మూలము ఎక్కడిదో ఒప్పుకొనినవారు ఆయన ఒకరు. స్కాట్లాండులో బెల్‌గారి ధనముతో కట్టిన విద్యాలయమునకు నేటికిని మదరాసు కళాశాల అనియే పేరు. ఊరి పేరు సముద్రము దాటెను గాని, పంతులుగారి పేరు ఇసుకలోనే చెరిగిపోయెను.

అయితే ఈ కథలో మన సంఘముల జనులు గమనింపవలసిన మరియొక సంగతి కలదు. క్యాంబెల్‌గారు మెచ్చిన ఆ బడుల అరుగులు మన తాతముత్తాతలలో అనేకులకు అందనివి. అంటరానివారని త్రోయబడిన వారి పిల్లలు వీధిలో నిలిచి వినుటయే కష్టము. అనగా అరుగుమీద పిల్లలు ఒకరికొకరు ఎంత చక్కగా పంచుకొనినను, ఆ పంపకము అరుగు అంచునొద్ద ఆగెను. 1878వ సంవత్సరము జూలై 3న ఒంగోలు ప్రాంతమున వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందినప్పుడు, వారిలో చదువ వచ్చినవారు మిక్కిలి తక్కువ. అట్టి పల్లెలలో మొదట బడి పెట్టినవారు పెద్ద చదువులు చదివినవారు కారు. కొద్దిపాటి చదువు వచ్చిన ఉపదేశి రాత్రి దీపముయొద్ద కూర్చుండి, ఆ కొద్దిపాటి చదువునే ఇతరులకు నేర్పెను. మన ఇండ్లలో బైబిలు చదువబడుచున్నదనగా, ఎవరో ఒకరు తనకు వచ్చిన నాలుగు అక్షరములను దాచుకొననందుననే. ఇతరులు దాచుకొనిన విద్యవలన నష్టపడిన జనము మనము. కొందరు దాచుకొనని విద్యవలన బ్రదికిన జనము మనము. విద్యను గుప్పిట మూయుటకు లోకములో ఎవరికైన సాకు ఉండవచ్చును గాని, మనకు లేదు.

వాక్యము ఈ సంగతిని ఎట్లు బోధించుచున్నదో చూడుడి. ప్రత్యక్షపు గుడారపు పనికి దేవుడు యూదా గోత్రికుడైన బెసలేలును పేరు పెట్టి పిలిచి, బంగారు పనియు, చెక్కడపు పనియు, నేత పనియు చేయు నేర్పును ఆత్మచేత ఆయనకు అనుగ్రహించెను. ఇది మనకందరికి తెలిసిన సంగతి. అయితే నిర్గమకాండము ముప్పదియైదవ అధ్యాయము ముప్పదినాలుగవ వచనమును మనము తొందరగా దాటిపోవుదుము. దేవుడు బెసలేలు హృదయములోను, దాను గోత్రికుడైన అహోలీయాబు హృదయములోను ఇతరులకు నేర్పు బుద్ధిని కూడ పుట్టించెనని అక్కడ వ్రాయబడియున్నది. అనగా చేయు నేర్పు ఒక వరము, దానిని నేర్పించు మనస్సు మరియొక వరము. మొదటిది ఉండి రెండవది లేనివాడు సగము వరమే పుచ్చుకొని తక్కినది దేవుని చేతిలోనే విడిచినవాడు. ఒక్క బెసలేలు ఎంత నేర్పరియైనను, నేర్పకపోయినయెడల గుడారము లేచియుండునా?

సంఖ్యాకాండము పదునొకండవ అధ్యాయములో ఎల్దాదు, మేదాదు అను ఇద్దరు పాళెములోనే ప్రవచించుచుండిరి. యెహోషువ వారిని ఆపుమని మోషేను వేడుకొనెను. యెహోషువ చెడ్డవాడు కాడు, తన గురువు ఘనత తగ్గునని భయపడెను. మోషే చెప్పిన జవాబు ఏమి? తన నిమిత్తము రోషపడవద్దనియు, యెహోవా ప్రజలందరును ప్రవక్తలైనచో ఎంత మేలనియు ఆయన కోరెను. తనవలెనే అందరు కావలెనని కోరువాడే నిజమైన గురువు. తనవంటివారు లేరని సంతోషించువాడు ఎంత పండితుడైనను ఇంకను గురువు కాలేదు. కొరింథు సంఘమువారు నేను పౌలువాడను, నేను అపొల్లోవాడనని చీలిపోయినప్పుడు అపొస్తలుడు నాటువానిని, నీళ్లు పోయువానిని ప్రక్కప్రక్కన నిలువబెట్టి, వృద్ధి కలుగజేయు దేవునివైపు చూపెను. అయితే గమనింపుడి: ఆయన అపొల్లో పేరు మ్రింగివేయలేదు. నీళ్లు పోసినవాడు అపొల్లోయే అని స్పష్టముగా వ్రాసెను.

ఇక్కడ కొందరు న్యాయముగానే ఒక ఆక్షేపణ చేయుదురు. "అయ్యా, రాత్రులు మేల్కొని అట్టలు కత్తిరించి పటములు చేసినవాడు ఒకడు, చేతులు కట్టుకొని కూర్చుండి వాటిని పట్టుకొనిపోవువాడు మరియొకడా? చాలని జీతముతో ప్రయివేటు బడిలో పని చేయు పిల్లకు ఆ నేర్పే ఆధారము. దానిని కూడ పంచిపెట్టుమని బోధించుట న్యాయమా?" ఈ మాటను నేను త్రోసివేయను. పనివానికి జీతము చెందవలెనని ప్రభువే సెలవిచ్చెను. బలహీనుని యొద్దనున్నది లాగికొనుటకు మన బోధను సాధనముగా వాడినయెడల అది పాపము. అందుచేతనే ఈ ధర్మమునకు రెండు ప్రక్కలున్నవి. ఇచ్చువాడు తన పేరును మరువ నేర్చుకొనవలెను, పుచ్చుకొనువాడు ఆ పేరును మరువరాదు. మొదటిది కృప, దానిని బలవంతముగా అడుగరాదు. రెండవది న్యాయము, దానిని చెల్లింపక తప్పదు. మనలో అనేకులము దీనిని తలక్రిందులు చేయుదుము. ఇతరులు తమ పేరు మరువవలెనని బోధించి, మన పేరు మాత్రము చెప్పించుకొందుము.

ఇంకొక మాట. ఆ పద్ధతి ఎవరి సొత్తు అని మనము వాదించుకొనుచుండగా, పలకమీద ఇరువదియైదు అని వ్రాసి కన్నీరు పెట్టుకొను బిడ్డను మరచిపోవుదుము. ప్రక్క ఊరి బిడ్డ మన బడికి ప్రత్యర్థి కాదు. వానికి లెక్క తెలియకపోయినచో మన బిడ్డకు ఏమియు లాభము లేదు. రేపు సంతలో వానిని మోసగించువాడు మన బిడ్డను సయితము మోసగింపజూచును. నేర్పు నాదా నీదా అని అడుగుటకు ముందు, అది ఎవరి నిమిత్తము ఇయ్యబడెను అని అడిగినచో తగవులో సగము తీరును.

పంచుకొనుట కేవలము మంచివి చూపుటయని కూడ తలంచరాదు. సమావేశములలో అందమైన పటములు చూపుట సులభము. "నా పిల్లలు ఇట్లు తప్పు వ్రాయుచున్నారు, నాకు దారి తోచకున్నది" అని పదిమందిలో చెప్పుట కష్టము. కాని నా సంగతిలో మేలు ప్రారంభమైనది చప్పట్ల దినమున కాదు, సైకిలెక్కి పోయి గోడు చెప్పుకొనిన దినమున. అడుగువాడు లేనిచోట ఇచ్చువాడేమి చేయగలడు? తన ఓటమిని చెప్పుకొనువాడును సంఘమునకు ఒక దానము చేయుచున్నాడు. ఏలయన అదే కష్టములోనున్న మరి నలుగురికి నోరు తెరచుటకు ధైర్యము కలుగును.

ఇట్లు పంచుకొనుట జరుగని పని కాదు. మదనపల్లెకు దగ్గరనున్న రిషీవ్యాలీలో రమ, పద్మనాభరావు గార్లు పల్లెటూరి ఏకోపాధ్యాయ బడులకొరకు, స్థానిక ఉపాధ్యాయులతో కూడ పని చేసి, పాఠములను చిన్న చిన్న కార్డులుగా విభజించి ఒక పెట్టెలో అమర్చిరి. పిల్లలు ఎవరి మెట్టునుండి వారు ముందుకు పోవచ్చును. వారు దానికి కంచె వేయలేదు. అనేక రాష్ట్రములవారు వచ్చి చూచి తమ తమ భాషలలో చేసికొనిరి. చెన్నై నగరపు బడుల ఉపాధ్యాయులు కూడ అక్కడికి పోయి నేర్చుకొని వచ్చిరి. ఒకప్పుడు మదరాసు ఇసుకలోనుండి ఇంగ్లాండుకు పోయినది తగవుగా మారెను. మన కాలములో మదనపల్లెనుండి మదరాసుకు పోయినది కార్డుల పెట్టెగానే మిగిలెను.

మన పాస్టరేటులలో మనము చేయదగినది చిన్నదే. నెలకొక ఆదివారము ఆరాధన తరువాత, ఆయా గ్రామముల ఆదివారపు బడి ఉపాధ్యాయులును, మన సంఘములలోనున్న బడిపంతుళ్లును ఒక గంటసేపు కూర్చుండవచ్చును. ప్రతివారు ఒకటి తేవలెను: పనికివచ్చిన సంగతియైనను సరే, పనికిరాక విడిచిన సంగతియైనను సరే. చూపునప్పుడు, ఇది నాకు ఎవరు నేర్పిరి అని మొదట చెప్పవలెను. తానే కనుగొనిన యెడల, ఏ బిడ్డ కష్టము చూచి కనుగొనెనో చెప్పవలెను. పుచ్చుకొనినవారు తమ ఊరిలో చేసి చూచి, మరుసటి నెల ఏమి జరిగెనో వచ్చి చెప్పవలెను. దీనికి ధనమక్కరలేదు. అధికారుల సెలవక్కరలేదు. పేరు విషయములో కొంచెము మెత్తబడిన హృదయము మాత్రము కావలెను. కాపరులమైన మనము సయితము, పరుల ప్రసంగములోనుండి తీసికొనిన దృష్టాంతమును మనదిగా చెప్పుకొను అలవాటును ఆ గంటలోనే విడువవచ్చును.

నా ఋణము ఒకటి ఇంకను మిగిలియున్నది. ఆ తల్లికి తప్పు ఒప్పుకొంటినిగాని, ఎవరి యెదుట అబద్ధమాడితినో ఆ సభ యెదుట ఒప్పుకొనలేదు. ఆమె క్షమించిరి గదా, ఇక చాలునని నా మనస్సు సులభమైన దారి పట్టెను. మరుసటి సంవత్సరము సెమినరీకి వెళ్లితిని. ఆ సభలోనివారు చెదరిపోయిరి, ఆమె ప్రభువునందు నిద్రించిరి. ఇప్పుడు ఈ పుటలలో చెప్పుచున్నాను: ఆ ఈనెల కట్టలు నావి కావు. ఒక పెద్ద పంతులుగారు ఒక పంతులమ్మగారికి ఇచ్చిరి, ఆమె నాకిచ్చిరి. మీ ఊరి బడిలో ఏ బిడ్డయైన తీసివేత లెక్కయొద్ద ఆగిపోయినయెడల, పదేసి ఈనెలు, బాగుగా ఎండినవి, కట్టి వాని చేతికిండి. మీరు తొందరపడి విప్పకుడి. వానినే విప్పనియ్యుడి. వాడు విప్పలేనిది ఒకటి కలదు, అది మన చేతిలోని కట్ట. దానిని మనమే విప్పవలెను.

ప్రార్థన: సకల జ్ఞానమునకు మూలమైన తండ్రీ, మాకు తెలిసినదంతయు మరియొకరి చేతిమీదుగా నీవిచ్చినదే అని మేము ఒప్పుకొనుచున్నాము. మేము దాచుకొనిన దానిని, మాదని చెప్పుకొనిన పరుల కష్టమును క్షమించుము. మాకు నేర్పి మరుగైపోయినవారిని నీవు ఎరుగుదువు. వారి పేరులు నీయొద్ద చెరిగిపోవు. నేడు గ్రామములలో చిన్నబిడ్డలకు అక్షరములు దిద్దించు ప్రతి చేతిని దీవించుము. బెసలేలుకు ఇచ్చినట్లు చేయు నేర్పును, నేర్పించు మనస్సును వారికి అనుగ్రహించుము. మమ్మును నేర్పుటకు దిగివచ్చిన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.